కట్టుడు పళ్ల అక్రిలిక్ ప్రమాదమా? కొత్త సెట్టుతో నోరు మండుతుంటే ముందు చూడాల్సినవి

మీ ప్రశ్న చదివానండి. అమ్మగారికి ఈమధ్యే పైనా కిందా ఫుల్ సెట్టు పెట్టించారు, అప్పట్నుంచీ అంగిలి మండుతోందంటున్నారు. ఈలోగా ఎవరో 'అదంతా ప్లాస్టిక్, క్యాన్సర్ వస్తుంది' అని బెదరగొట్టారు. తీసి పక్కన పెట్టేయమంటారా అని మీ సందేహం. నేను డాక్టర్ని కాను, పళ్ల సెట్లు చేసే ల్యాబ్‌లో టెక్నీషియన్ని. ఏళ్లుగా ఆ పౌడరుతో, ఆ లిక్విడ్‌తోనే పని కాబట్టి తెలిసిన మేరకు చెప్తాను.

క్యాన్సర్ భయం ముందు తీర్చేస్తాను. సెట్టులో గులాబీ రంగులో ఉండే అక్రిలిక్ భాగం అసలు పేరు పాలీమిథైల్ మెథాక్రిలేట్, క్లుప్తంగా పీఎంఎంఏ. 1930ల చివర్లో పళ్ల సెట్లలోకి వచ్చింది, అంతకుముందు వల్కనైట్ అనే గట్టి రబ్బరు వాడేవారు. కంట్లో అమర్చే మొట్టమొదటి కృత్రిమ లెన్సు కూడా ఈ పదార్థమే. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల కిటికీ ముక్కలు పైలట్ల కళ్లలో గుచ్చుకుని ఉండిపోయినా కన్ను వాటిని పెద్దగా ఎదిరించలేదని గమనించి, 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ ఆ లెన్సు పెట్టారు. కీళ్ల మార్పిడిలో ఎముకకి పట్టించే బోన్ సిమెంటూ ఇదే. ఇక తయారీలో వాడే లిక్విడ్, అంటే మిథైల్ మెథాక్రిలేట్. దీన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లో గ్రూప్ 3లో పెట్టింది. మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని తేల్చడానికి తగిన ఆధారం లేనివాటిని ఆ గ్రూపులో పెడతారు. బీపీఏ (బిస్ఫినాల్ ఏ అనే రసాయనం) అని కూడా భయపెడుతుంటారు. అది పాలీకార్బొనేట్ అనే వేరే ప్లాస్టిక్ తయారీలో వాడేది, పీఎంఎంఏకి ముడిసరుకు కాదు.

అసలు చూడాల్సింది వేరే ఉంది. సెట్టు చేసేటప్పుడు పౌడరులో లిక్విడ్ పోసి, పిండిముద్దలా అయ్యాక ఫ్లాస్కులో, అంటే మా అచ్చుపెట్టెలో, ప్యాక్ చేసి నీళ్లలో ఉడికిస్తాం. ఆ వేడికి లిక్విడ్ గట్టిపడి పాలిమర్ అవుతుంది. ఎంత బాగా ఉడికించినా కాస్త లిక్విడ్ గట్టిపడకుండా లోపల మిగులుతుంది. దాన్నే మిగులు మోనోమర్ అంటాం. చిగుళ్లని చురచురలాడించేదీ, ఎలర్జీ ఉన్నవాళ్లకి పడనిదీ ప్రధానంగా అదే. ఐఎస్‌ఓ అనే అంతర్జాతీయ సంస్థ ప్రమాణం ప్రకారం హీట్ క్యూర్, అంటే ఇలా వేడితో గట్టిపరిచిన అక్రిలిక్‌లో ఇది బరువులో 2.2 శాతం దాటకూడదు, సెల్ఫ్ క్యూర్‌లో 4.5 శాతం వరకు ఒప్పుకుంటారు. ఆ తేడాలోనే విషయం అర్థమవుతుంది. సెల్ఫ్ క్యూర్ అంటే వేడి అక్కర్లేకుండా మామూలు ఉష్ణోగ్రతలో గట్టిపడేది. విరిగిన సెట్టు అతకడానికి, కొన్నిసార్లు నోట్లోనే రీలైన్ చేయడానికి, అంటే వదులైన సెట్టు లోపలివైపు కొత్త పొర వేయడానికి, వాడతారు.

హీట్ క్యూర్‌లోనూ తొందర పనికిరాదు. 74 డిగ్రీల దగ్గర ఎనిమిది తొమ్మిది గంటలు ఉంచడం ఒక పద్ధతి, అదే వేడిలో రెండు గంటలు ఉంచి ఆ తర్వాత ఒక గంట మరిగించడం ఇంకో పద్ధతి. మరిగే నీళ్లలో నేరుగా పడేస్తే పని త్వరగా అవుతుంది నిజమే. కానీ లిక్విడ్ మరిగేది కూడా దాదాపు 100 డిగ్రీల దగ్గరే. అది లోపలే ఆవిరై, మందంగా ఉన్నచోట సన్నని బొక్కలు పడతాయి. వాటిలో పాచి చేరుతుంది, సెట్టు బలమూ తగ్గుతుంది. నేను మొదట్లో చేరిన ల్యాబ్‌లో 'సాయంత్రానికి కావాలి' అని ఫోనొస్తే చాలు, ఫ్లాస్కులు నేరుగా మరిగే నీళ్లలోకి వెళ్లేవి. పేరు చెప్పను గానీ, నేను అక్కడినుంచి బయటపడటానికి అదో కారణం. ఇప్పుడు పనిచేసే చోట ఫినిషింగ్, పాలిషింగ్ అయ్యాక కనీసం ఒక రోజు నీళ్లలో నానబెట్టి గానీ పంపం. మిగులు మోనోమర్‌లో కొంత ఆ నీళ్లలోకి దిగిపోతుంది. నోట్లో పెట్టాక కూడా మొదటి కొద్ది రోజులే ఎక్కువగా దిగుతుంది, ఆ తర్వాత బాగా తగ్గిపోతుంది.

ఈ లిక్విడ్‌తో నిజంగా బాధపడేది ఎవరో తెలుసా అండీ? మాలాంటి వాళ్లం. పచ్చి ముద్దని వేళ్లతో తాకే టెక్నీషియన్లకి వేళ్ల కొనలు ఎర్రబడి, పొట్టు రేగి, పగుళ్లిస్తాయి. మామూలు లేటెక్స్ గ్లోవ్స్ దీన్ని ఆపలేవు, నిమిషాల్లోనే లిక్విడ్ వాటిలోంచి చర్మానికి చేరుతుంది. మా సీనియర్ ఒకాయన చివరికి ఆ విభాగమే మారాల్సొచ్చింది. అదే పదార్థం పూర్తిగా గట్టిపడ్డాక సెట్టు పెట్టుకునేవాళ్లలో అసలైన ఎలర్జీ అరుదు. అరుదంటే లేదని కాదు, కానీ మంట అనగానే ముందు అనుమానించాల్సింది దాన్ని కాదు.

మంట ఎక్కడుందో చూడండి. ఒక్కచోటే పుండులా ఉంటే అక్కడ సెట్టు ఒత్తుతోందన్నమాట. కొత్త సెట్టుకి ఇది సర్వసాధారణం, డాక్టర్ ఆ చోట కాస్త గీకి సరిచేస్తే సర్దుకుంటుంది. అంగిలి మీద సెట్టు ఎంతమేర ఆనుతుందో సరిగ్గా అంతమేరా ఎర్రబడితే చాలావరకు క్యాండిడా అనే ఫంగస్ పని. రాత్రిళ్లు కూడా తీయకుండా పడుకునేవాళ్లకి, షుగర్ ఉన్నవాళ్లకి, నోరు ఎండిపోయే మందులు వాడేవాళ్లకి ఇది ఎక్కువ. దానికి మందుంది, సెట్టు శుభ్రం చేయడమూ ఆ వైద్యంలో భాగమే. నోరంతా మండుతూ ఎక్కడా ఎరుపే లేకపోతే ఐరన్, బీ12 తగ్గాయేమో రక్తపరీక్ష చేయించమంటారు. ఎలర్జీ అయితే అక్రిలిక్ తగిలిన ప్రతిచోటా, అంటే బుగ్గల లోపలా పెదవులకీ కూడా ఎరుపు, దురద ఉండొచ్చు. కొన్నాళ్లు తీసేస్తే తగ్గి, పెట్టగానే మళ్లీ మొదలవుతుంది. చర్మ వైద్యులు ప్యాచ్ టెస్ట్ చేసి, అంటే ఆ పదార్థాన్ని చర్మం మీద అంటించి చూసి, తేలుస్తారు. అప్పటిదాకా 'ఎలర్జీ' అని ఇంట్లోనే ముద్ర వేసేసి కొత్త సెట్టుకి డబ్బు పోయొద్దు.

డాక్టర్ని రెండు మాటలు అడగండి. బేస్, అంటే ఆ గులాబీ భాగం, హీట్ క్యూరా, సెల్ఫ్ క్యూరా? ఆ తర్వాత నోట్లోనే ఏమైనా రీలైన్ చేశారా? కొత్త సెట్టుకి లిక్విడ్ ఘాటు వాసన గుప్పుమంటుంటే అది కూడా చెప్పండి. ఎలర్జీ అని తేలినా దారులున్నాయి. ముందే పూర్తిగా గట్టిపడిన దిమ్మ నుంచి కంప్యూటర్ మిల్లింగ్‌తో చెక్కిన సెట్లలో సాధారణంగా మిగులు మోనోమర్ తక్కువ, అయినా అవీ అక్రిలిక్కే. అసలే పడనివాళ్లకి నైలాన్ రకం గానీ, ఇంకో పదార్థం గానీ ఆలోచిస్తారు. త్రీడీ ప్రింటింగ్ రెజిన్లు కూడా మెథాక్రిలేట్ కుటుంబమే, కడగడం, లైట్ క్యూరింగ్ సరిగ్గా జరగకపోతే వాటిలోనూ ఇదే తలనొప్పి.

నాకైతే ఎలర్జీ కన్నా భయం విరిగిన సెట్టు గురించే. పగులు ఇచ్చిన సెట్టుని సూపర్ గ్లూతో అతికించుకుని వాడేవాళ్లని చూశాను. ఆ జిగురు నోటి కోసం చేసింది కాదు, పైగా ముక్కలు సరిగ్గా కూర్చోకపోతే తర్వాత మేం అతకడమూ కష్టమవుతుంది. మామూలు అక్రిలిక్ ఎక్స్‌రేలో దాదాపు కనపడదు, అందుకే ముక్క ఊడి గొంతులోకి పోతే డాక్టర్లకి వెతకడం కష్టం. పగులు కనిపించిన రోజే వాడకం ఆపించండి. శుభ్రానికి మరిగే నీళ్లు వద్దు, ఆకారం వంగిపోతుంది. గరుకు పేస్టూ వద్దు, గీతలు పడి వాటిలో ఫంగస్ దాక్కుంటుంది. మెత్తని బ్రష్షు, సబ్బునీళ్లు చాలు. రాత్రి తీసి మామూలు నీళ్లలో వేయండి, ఆరనివ్వకండి.

పెదవులు, నాలుక వాచినా, ఊపిరి తీసుకోవడం ఇబ్బందైనా వెంటనే సెట్టు తీసేసి ఆస్పత్రికి తీసుకెళ్లండి. సెట్టు సరిచేశాక కూడా రెండు వారాల్లో మానని పుండు ఏదైనా ఉంటే తప్పక చూపించాలి. ఇవేవీ లేకపోతే డాక్టర్ దగ్గరకి వెళ్లే ముందు రోజు పగలు అమ్మగారు ఓర్చుకోగలిగినంతసేపు సెట్టు పెట్టుకునే ఉండమనండి. వారం రోజులు తీసి పెట్టేసి వెళ్తే ఎరుపు తగ్గిపోయి, ఎక్కడ ఒత్తుతోందో ఆయనకి దొరకదు.