ఆపిల్ ఆకులను చుట్టేస్తున్నదెవరు?

ప్రశ్న: మా ఆపిల్ చెట్ల లేత ఆకులు చుట్టుకుపోతున్నాయి. విప్పితే లోపల ఆకుపచ్చ పురుగు. ఏమిటిది? మందు కొట్టాలా?

జవాబు: ముట్టుకుంటే పురుగు ఏం చేసిందో కూడా రాసి ఉంటే సగం పని తేలికయ్యేది. ఆకుచుట్టు పురుగైతే చటుక్కున మెలికలు తిరుగుతూ వెనక్కి నడుస్తుంది, లేదా సన్నని దారం పట్టుకుని కిందికి జారుతుంది. తల నల్లగా ఉంటే ఆర్కిప్స్ ఆర్గిరోస్పిలా అనే ఉత్తర అమెరికా జాతి కావచ్చు. అయితే తల రంగొక్కటే చూసి తీర్పు చెప్పకండి, దాని బంధువుల్లో చాలామందిది అదే పోలిక.

నమ్మదగిన ఆనవాలు కొమ్మల మీద ఉంటుంది. తల్లి పురుగు వేసవిలో గుడ్లను ఒకదాని అంచుమీద ఒకటి పేర్చి, పైన బూడిదరంగు జిగురు పూస్తుంది. ఆ పెచ్చు బెరడులో కలిసిపోతుంది. శీతాకాలమంతా గుడ్లు అలాగే ఉండి, వసంతంలో మొగ్గలు విచ్చే వేళకు పొదుగుతాయి. అప్పుడు పెచ్చు నిండా చిన్న చిన్న బెజ్జాలు మిగులుతాయి. భూతద్దం పెట్టి చూడండి, తెలిసిపోతుంది.

పిల్లపురుగు ఆకులను దారంతో కుట్టి, లోపలే తింటూ పెరిగి, చాలావరకు అక్కడే ప్యూపాగా మారుతుంది. దానిలోంచి గోధుమవన్నె మీద లేత మచ్చలున్న రెక్కల పురుగు వస్తుంది. వాలినప్పుడు గంట ఆకారంలో కనిపిస్తుంది. ఏడాదికి ఒక్క తరమే.

మందంటారా, ఆకు చుట్టుకున్నాక పైన చల్లింది లోపలి పురుగుకు సరిగా అందదు. చుట్టలు కొన్నే ఉంటే చేత్తో నలిపేయండి. శీతాకాలంలో కొమ్మలు కత్తిరించేటప్పుడు పెచ్చులు కనబడితే గీకి తీసేయండి.