గూగుల్‌తో వచ్చినవాడూ ఫోన్‌తో వచ్చినవాడూ ఒకడేనా?

ఈసారి ఉత్తరాల సంచీలో లాగిన్ గొడవలే ఎక్కువ. పైథాన్ భాషలో సైట్లు కట్టే జాంగో ఫ్రేమ్‌వర్క్‌తో ఒకే సైట్‌కి రెండు మూడు రకాల లాగిన్లు పెట్టబోయి తల పట్టుకున్నవాళ్లే అందరూ, అందుకే మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి ఇవే తీసుకున్నాను.

ప్రశ్న: జాంగోలో సైట్ నడుపుతున్నాను అండీ. మొదట యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మాత్రమే ఉండేవి. ఈమధ్య ఫోన్ ఓటీపీ కూడా కావాలన్నారని ఇంకో బ్యాకెండ్ (వచ్చినవాడెవడో తేల్చే కోడ్) రాసి సెట్టింగ్స్‌లో రెండోదిగా చేర్చాను. అప్పటినుంచి రెండు సమస్యలు. కొత్త యూజర్ రిజిస్టర్ అవగానే లాగిన్ చేయించే చోట వాల్యూ ఎర్రర్ వస్తోంది. రెండోది చెప్పాలంటేనే భయంగా ఉంది: పాస్‌వర్డ్ ఫారంలో ఫోన్ నంబర్ కొట్టి, పాస్‌వర్డ్ ఏది కొట్టినా లోపలికి వెళ్లిపోతున్నారు! ఓటీపీని వ్యూలోనే (ఆ పేజీ రిక్వెస్ట్‌ని అందుకునే ఫంక్షన్) సరిచూస్తున్నాను కదా, ఇది ఎలా జరుగుతోంది?

జవాబు: ముందు ఆ రెండో బ్యాకెండ్‌ని సెట్టింగ్స్‌లోంచి తీసేసి, సర్వర్ రీస్టార్ట్ చేసి, అప్పుడు చదవండి. నిజంగానే చెబుతున్నా. మీ పాస్‌వర్డ్ ఫారం పిలిచే అథెంటికేట్ ఫంక్షన్‌నే (బ్యాకెండ్లని అడిగేది ఇదే) అడ్మిన్ లాగిన్ పేజీ కూడా పిలుస్తుంది, అంటే మీ అడ్మిన్ ఫోన్ నంబర్ తెలిసినవాడెవడైనా ఈపాటికి అడ్మిన్‌లోకి వెళ్లి ఉండొచ్చు.

తీశారా? ఇక జరిగింది చూద్దాం. బ్యాకెండ్లు ఒకటికంటే ఎక్కువ ఉంటే జాంగో వాటిని మీరు రాసిన వరుసలోనే ఒక్కొక్కదాన్నీ అడుగుతుంది. మొదటిది యూజర్‌ని తిరిగి ఇస్తే అక్కడితో ఆగుతుంది. నన్ (ఏమీ లేదని చెప్పే పైథాన్ విలువ) ఇస్తే "సరే, నీకు తెలీదు, పక్కవాణ్ణి అడుగుతా" అని రెండోదాని దగ్గరికి పోతుంది. ఇక్కడే అందరూ పొరబడతారు. "పాస్‌వర్డ్ తప్పు" అన్నది జాంగోకి తుది తీర్పు కాదు, అది ఒక బ్యాకెండ్ అభిప్రాయం మాత్రమే. అక్కడికక్కడే ఆపేయాలంటే పర్మిషన్ డినైడ్ అనే ఎక్సెప్షన్ విసరాలి.

మీరు కోడ్ పంపలేదు గానీ, మీ ఫోన్ బ్యాకెండ్ ఎలా ఉంటుందో ఊహించగలను. అది తీసుకునేవి రిక్వెస్ట్, యూజర్‌నేమ్, ఆ వెనకాల రెండు స్టార్ల క్వార్గ్స్, అంటే మిగతావి ఏ పేరుతో వచ్చినా పట్టుకునే సంచీ. లోపల ఫోన్ నంబర్‌తో యూజర్‌ని వెతికి, దొరికితే రిటర్న్. ఓటీపీ ఎలాగూ వ్యూలో చూసేశాం కదా అని ఇక్కడ ఏమీ చూడలేదు. ఇప్పుడు ఎవరో పాస్‌వర్డ్ ఫారంలో ఫోన్ నంబరూ, ఏదో చెత్త పాస్‌వర్డూ కొట్టారు. పాస్‌వర్డ్ చూసే జాంగో సొంత బ్యాకెండ్, మోడల్‌బ్యాకెండ్, నన్ ఇచ్చింది. జాంగో మీ బ్యాకెండ్ దగ్గరికి వచ్చింది, యూజర్‌నేమ్ అందింది, పాస్‌వర్డ్ కాస్తా క్వార్గ్స్ మింగేసింది, నంబర్ దొరికింది, తలుపు తెరుచుకుంది. ఓటీపీ చూసే మీ వ్యూ ఈ దారిలో అసలు తగలనే లేదు.

దీన్ని సరిచేయడానికి రెండు మార్పులు చాలు. ఓటీపీ సరిచూసే పనిని వ్యూలోంచి తీసి బ్యాకెండ్ లోపలే పెట్టండి. సరిచూడకుండా యూజర్‌ని తిరిగిచ్చే బ్యాకెండ్ అసలు ఉండకూడదు, ఎంత నమ్మకమైన వ్యూ పిలుస్తున్నా సరే. రెండోది, ఫంక్షన్ తీసుకునేవి రిక్వెస్ట్, ఫోన్, ఓటీపీ, అంతే. క్వార్గ్స్ వద్దు. జాంగో ఒక్కో బ్యాకెండ్‌ని పిలిచేముందు దాని సిగ్నేచర్, అంటే అది ఏ పేర్లు తీసుకుంటుందో, చూస్తుంది. ఇచ్చిన పేర్లు దానికి సరిపోకపోతే పిలవకుండా దాటేస్తుంది. పాస్‌వర్డ్ ఫారం నుంచి వచ్చేవి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కాబట్టి ఫోన్ బ్యాకెండ్ జోలికే రాదు. ఇంత చక్కటి ఏర్పాటుని మనమే ఆ రెండు స్టార్లతో పాడుచేసుకుంటాం.

వాల్యూ ఎర్రర్ సంగతి తేలిక. బ్యాకెండ్ ఒక్కటే ఉన్నప్పుడు లాగిన్ ఫంక్షన్‌కి యూజర్‌ని ఇస్తే చాలు, అదే ఊహించుకుంటుంది. రెండు ఉంటే ఏది అని అడుగుతుంది, ఎందుకంటే ఏ బ్యాకెండ్ ద్వారా వచ్చాడన్నది సెషన్‌లో (ఆ లాగిన్ గురించి సర్వర్ దాచుకునే రికార్డు) రాసిపెట్టుకుని ఆ సెషన్ ఉన్నంతసేపూ దాన్నే వాడుతుంది. రిజిస్ట్రేషన్‌లో మీరు అథెంటికేట్ పిలవకుండా నేరుగా లాగిన్ పిలుస్తున్నారు, కాబట్టి బ్యాకెండ్ ఆర్గ్యుమెంట్‌గా దాని పూర్తి పాత్ ఇవ్వండి. ఇందాక బ్యాకెండ్ తీసేయమన్నాను కదా, దానివల్ల ఆ దారిన వచ్చినవాళ్లందరి సెషన్లూ చెల్లకుండా పోతాయి, అదే మనకి కావలసింది కూడా. కానీ సరిచేసినదాన్ని అదే పేరుతో మళ్లీ చేర్చారో, ఆ పాత సెషన్లు మళ్లీ ప్రాణం పోసుకుంటాయి. అందుకని చేర్చేముందు సెషన్ టేబుల్ ఖాళీ చేయండి. అందరూ మళ్లీ లాగిన్ అవ్వాల్సి వస్తుంది, అవనీయండి.

ప్రశ్న: యూజర్ టేబుల్‌లో ఫోన్ కాలమ్ చేర్చి యూనిక్ (ఒకే విలువ రెండోసారి రాకూడదన్న నియమం) పెట్టాను. ఫోన్ ఇవ్వకుండా రిజిస్టర్ అయిన మొదటి మనిషికి బాగానే ఉంది, రెండో మనిషి దగ్గర ఇంటెగ్రిటీ ఎర్రర్. ఈమెయిల్ విషయంలో ఇంకో రకం, ఒకే మనిషికి రెండు అకౌంట్లు వచ్చేశాయి.

జవాబు: ఫోన్ ఇవ్వనివాళ్లందరికీ ఖాళీ స్ట్రింగ్ పడుతోంది. డేటాబేస్ దృష్టిలో ఖాళీ స్ట్రింగ్ కూడా ఒక విలువే, రెండోసారి వస్తే ఒప్పుకోదు. నల్ (విలువే లేదని గుర్తు) అలా కాదు, ఎన్నిసార్లైనా ఉండొచ్చు. మామూలుగా జాంగోలో స్ట్రింగ్ ఫీల్డ్‌కి నల్ పెట్టొద్దంటారు, కానీ యూనిక్, ఖాళీ రెండూ కావాలన్నప్పుడు మాత్రం నల్ ట్రూ పెట్టాల్సిందే. ఉన్న డేటాలో ఖాళీ స్ట్రింగులన్నిటినీ నల్‌గా మార్చడం మర్చిపోకండి.

ఈమెయిల్ అంటారా, జాంగోతో వచ్చే యూజర్ మోడల్‌లో ఈమెయిల్ యూనిక్ కాదు. చాలామందికి ఇది తెలిసేసరికి పుణ్యకాలం గడిచిపోతుంది. నార్మలైజ్ ఈమెయిల్ అని ఒకటి ఉంది కదా అంటారేమో, అది అట్ గుర్తుకి కుడివైపు భాగాన్నే చిన్న అక్షరాలు చేస్తుంది, ఎడమవైపుది ముట్టుకోదు. ఫోన్ కీబోర్డ్ మొదటి అక్షరాన్ని దానంతటదే పెద్దది చేసిందనుకోండి, అది వేరే ఈమెయిల్ కింద లెక్క, వేరే అకౌంట్. జాంగో 4.0 నుంచి యూనిక్ కన్‌స్ట్రెయింట్‌లో లోయర్ (అన్నీ చిన్న అక్షరాలు చేసేది) లాంటి ఎక్స్‌ప్రెషన్ పెట్టొచ్చు, అది పెట్టండి. అయితే ఉన్న డూప్లికేట్లు తేలిస్తే తప్ప ఆ మైగ్రేషన్ (డేటాబేస్‌ని మార్చే స్క్రిప్ట్) నడవదు. కోడ్ రాయడం పది నిమిషాల పని, డూప్లికేట్లలో ఏది ఉంచాలో తేల్చడానికి రెండు రోజులు పడుతుంది, అదేదో ముందే అనుకుని కూర్చోండి.

ఇంతలో అసలు యూజర్ మోడలే మార్చేద్దామన్న ఆలోచన వస్తుంది. కొత్త ప్రాజెక్ట్ అయితే మొదటి మైగ్రేషన్‌కి ముందే సొంత యూజర్ మోడల్ పెట్టుకోవడం మంచిది. నడుస్తున్న ప్రాజెక్ట్‌లో మాత్రం దాని జోలికి పోకండి, యూజర్ టేబుల్‌ని చూపించే ఫారిన్ కీలన్నీ కదిలిపోతాయి. నేనైతే ఇంకో చిన్న టేబుల్ పెడతాను: యూజర్, ఏ రకం లాగిన్, ఆ రకంలో అతని గుర్తింపు, దాన్ని ఎప్పుడు సరిచూశాం. రకం, గుర్తింపు రెండూ కలిపి యూనిక్. మనిషికి ఒక వరుస యూజర్ టేబుల్‌లో, అతను వచ్చే దారికొక వరుస ఇక్కడ. రేపు ఇంకో లాగిన్ చేర్చమన్నా యూజర్ టేబుల్‌కి కొత్త కాలమ్ అక్కర్లేదు.

ప్రశ్న: గూగుల్ లాగిన్ పెట్టాను. గూగుల్ ఇచ్చిన ఈమెయిల్ మా దగ్గర ముందే ఉంటే అదే అకౌంట్‌లోకి పంపిస్తున్నాను. ఇది ప్రమాదమని మా టీమ్‌లో ఒకరంటున్నారు. గూగుల్ సరిచూసి ఇచ్చిన ఈమెయిల్‌ని కూడా నమ్మకూడదా?

జవాబు: గూగుల్ వైపు నమ్మొచ్చు. నమ్మకూడనిది మీ వైపు ఉన్న ఈమెయిల్‌ని. మీ సైట్‌లో రిజిస్టర్ అయ్యేటప్పుడు ఈమెయిల్‌కి లింకు పంపి సరిచూస్తున్నారా? లేదంటే ఇలా జరుగుతుంది. నేను మీ ఈమెయిల్‌తో, నా పాస్‌వర్డ్‌తో మీ సైట్‌లో ముందే ఒక అకౌంట్ తెరిచిపెడతాను. నెల తర్వాత మీరు గూగుల్ బటన్ నొక్కుతారు. ఈమెయిల్ కలిసింది, నేను తెరిచిన అకౌంట్‌లోకే మిమ్మల్ని పంపించారు. మీరు అడ్రస్, ఫైళ్లు అన్నీ అందులో పెట్టుకుంటారు. నా పాస్‌వర్డ్ ఇంకా పనిచేస్తూనే ఉంటుంది.

కాబట్టి రెండువైపులా సరిచూసిన ఈమెయిల్ అయితేనే కలపండి. లాగిన్ అయ్యాక గూగుల్ పంపే టోకెన్‌లో ఈమెయిల్ వెరిఫైడ్ అని ఒక క్లెయిమ్ (గూగుల్ చెప్పే వివరం) వస్తుంది, అది చూడకుండా దాటకండి. మీ వైపు సరిచూడని అకౌంట్ అయితే, "ఈ ఈమెయిల్‌తో అకౌంట్ ఉంది, పాత పద్ధతిలో లాగిన్ అయి సెట్టింగ్స్‌లో గూగుల్‌ని కలపండి" అని చెప్పండి. అసలు మనిషికి ఆ పాస్‌వర్డ్ తెలీదు కదా అంటారా, నిజమే, అప్పుడు అతని ఈమెయిల్‌కే లింకు పంపి, అతను దాన్ని నొక్కాక పాత పాస్‌వర్డ్‌ని సెట్ అన్‌యూజబుల్ పాస్‌వర్డ్ అనే ఫంక్షన్‌తో కొట్టేయండి. జాంగో సెషన్‌లో పాస్‌వర్డ్ హాష్ (వెనక్కి తిప్పలేని రూపం) ఆనవాలు ఉంటుంది కాబట్టి ఇలా చేసి సేవ్ చేస్తే నా పాత సెషన్లూ చచ్చిపోతాయి.

ఇంకో మాట, గూగుల్ మనిషిని గుర్తుపెట్టుకోవడానికి ఈమెయిల్‌ని వాడకండి. టోకెన్‌లో సబ్ అని ఆ మనిషి గూగుల్ ఐడీ ఉంటుంది, అది మారదు. ఈమెయిల్ మారొచ్చు. ఇందాక చెప్పిన టేబుల్‌లో గుర్తింపు కాలమ్‌లో పడాల్సింది ఈ సబ్. ఈమెయిల్ పోలిక మొదటిసారి కలపడానికి మాత్రమే.

ప్రశ్న: మా సైట్‌లో కొందరికి పాస్‌వర్డ్ రీసెట్ మెయిల్ అసలు రావట్లేదు. స్పామ్‌లో లేదు, లాగ్‌లో ఎర్రర్ లేదు. పిచ్చెక్కుతోంది.

జవాబు: ఆ కొందరు గూగుల్‌తోనో ఓటీపీతోనో చేరినవాళ్లు అయ్యుంటారు, చూడండి. వాడదగ్గ పాస్‌వర్డ్ లేని యూజర్‌కి జాంగో రీసెట్ ఫారం మెయిల్ పంపదు, కావాలనే. పేజీ మాత్రం "మెయిల్ పంపాం" అన్నట్టే చూపిస్తుంది. ఆ ఫారం ఆధారంగా మీ సొంత ఫారం రాసి, అందులో గెట్ యూజర్స్‌ని (ఎవరికి మెయిల్ వెళ్లాలో ఎంచే ఫంక్షన్) మార్చి, వాళ్లకి "మీరు గూగుల్‌తో చేరారు, ఆ బటన్ నొక్కండి" అని వేరే మెయిల్ పంపితే సరిపోతుంది. పేజీ మీద మాత్రం ఈ మాట చూపించకండి, ఎవరికి అకౌంట్ ఉందో ఊరందరికీ చెప్పినట్టవుతుంది.

ప్రశ్న: గూగుల్ లాగిన్ నా కంప్యూటర్‌లో పనిచేస్తోంది, సర్వర్ మీద పెడితే రీడైరెక్ట్ యూఆర్ఐ మిస్‌మ్యాచ్ అని ఎర్రర్ వస్తోంది.

జవాబు: లాగిన్ అయ్యాక ఎక్కడికి తిరిగి పంపాలో మీరు గూగుల్ దగ్గర ముందే రాసిన అడ్రస్‌నీ, మీ సైట్ పంపిన అడ్రస్‌నీ గూగుల్ అక్షరం అక్షరం పోలుస్తుంది, చివర స్లాష్ తేడా ఉన్నా ఒప్పుకోదు. కానీ మీ లక్షణాలు చూస్తే నా అనుమానం వేరే. జాంగోకి ముందు ప్రాక్సీ (రిక్వెస్టులు అందుకుని జాంగోకి అందించే సర్వర్) ఉండి హెచ్‌టీటీపీఎస్ దాని దగ్గరే ముగుస్తుంటే, జాంగోకి తను హెచ్‌టీటీపీఎస్ వెనకాల ఉన్నానని తెలీదు, రీడైరెక్ట్ అడ్రస్‌ని హెచ్‌టీటీపీతో కడుతుంది. సెక్యూర్ ప్రాక్సీ ఎస్ఎస్ఎల్ హెడర్ సెట్టింగ్ పెట్టండి, బయటినుంచి అదే హెడర్ ఎవరైనా పంపితే ప్రాక్సీ దాన్ని తీసేసేలా చూసుకోండి. ఎర్రర్ పేజీలో గూగుల్‌కి చేరిన అడ్రస్ కనపడుతుంది, ముందు అది చదవండి, సగం మంది అది చదవకుండానే ఉత్తరం రాస్తారు. దీని తర్వాత స్టేట్ (లాగిన్ మొదలుపెట్టిన బ్రౌజరే తిరిగొచ్చిందా అని చూసే గుర్తు) సరిపోలేదని ఇంకో ఎర్రర్ వస్తే, సెషన్ కుకీ సేమ్‌సైట్ విలువ స్ట్రిక్ట్ అని ఉందేమో చూడండి. అలా ఉంటే గూగుల్ నుంచి తిరిగొచ్చేటప్పుడు ఆ కుకీ రాదు. జాంగోలో మామూలుగా ఉండే లాక్స్ సరిపోతుంది.

ప్రశ్న: ఓటీపీ నాలుగంకెలా, ఆరంకెలా? మా దగ్గర అప్పుడప్పుడు సరైన ఓటీపీ కొట్టినా తప్పంటోంది, అది కూడా చెప్పండి.

జవాబు: అంకెలకన్నా ఎన్నిసార్లు కొట్టనిస్తున్నారన్నదే ముఖ్యం. ఆరంకెలంటే 10 లక్షల అవకాశాలు. లెక్క లేకుండా కొట్టనిస్తే, సెకనుకి 100 చొప్పున 5 నిమిషాల్లో 30,000 సార్లు ప్రయత్నించొచ్చు, అంటే నూటికి మూడు వంతుల ఛాన్స్, ఒక్క ఓటీపీకే. అదే 5 తప్పులకి ఆ ఓటీపీని రద్దు చేస్తే 2 లక్షల్లో ఒక వంతుకి పడిపోతుంది. కొత్త ఓటీపీ ఎన్నిసార్లు అడగొచ్చో దానికీ హద్దు పెట్టండి, లేకపోతే పై లెక్క వృథా. జాంగో తనంతట తాను ఈ లెక్క పెట్టదు. యూజర్ లాగిన్ ఫెయిల్డ్ అనే సిగ్నల్ ఉంది, అన్ని బ్యాకెండ్లూ విఫలమయ్యాక ఒక్కసారే వస్తుంది, దాంట్లో లెక్కపెట్టుకోండి. బ్యాకెండ్ లోపల లెక్కపెడితే ఒక్క తప్పుకే రెండు మూడు పడే ప్రమాదం ఉంది.

సరైనది కొట్టినా తప్పనడానికి, మీరు ఓటీపీని నంబర్‌గా దాస్తున్నారేమో చూడండి. 004213 పంపి 4213 దాచుకుంటే పోలిక ఎలా కుదురుతుంది? స్ట్రింగ్‌గా దాచండి, ఇంకా మంచిది హాష్ చేసి దాచండి. తయారు చేయడానికి పైథాన్ రాండమ్ కాకుండా సీక్రెట్స్ మాడ్యూల్ వాడండి, రాండమ్ నుంచి వచ్చేవాటిని చాలినన్ని చూసినవాడు తర్వాతవి ఊహించగలడు.

ఒక్క ఫోన్ నంబర్‌నే ఆధారంగా పెట్టుకోకండి. వాడకంలో లేని నంబర్లని కంపెనీలు కొంతకాలానికి వేరేవాళ్లకి ఇచ్చేస్తాయి, ఆ కొత్త మనిషి ఓటీపీ కొట్టి దర్జాగా పాతాయన అకౌంట్‌లో కూర్చుంటాడు. చాలాకాలం రాని అకౌంట్‌లోకి ఉట్టి ఓటీపీతో ఎవరైనా వస్తే, ఈమెయిల్ కూడా అడిగి లోపలికి పంపండి.