సాఫ్ట్‌వేర్ రాసింది మీరే, కానీ ఏ హోదాలో రాశారు?

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. బీటెక్ అయ్యాక, వరసకు మావయ్య అయ్యే ఒకాయన తన జీడి ఫ్యాక్టరీకి సాఫ్ట్‌వేర్ కావాలంటే 2 లక్షల 40 వేలకు ఒప్పుకున్నాను. వాట్సాప్‌లో కొటేషన్ పంపితే ఫోన్ చేసి సరే అన్నారు. చుట్టరికం కదా అని వేరే కాగితం రాసుకోలేదు. పిక్కల బస్తాల కొనుగోలు, గ్రేడుల వారీ స్టాకు, పప్పు ఒలిచే ఆడవాళ్ళ శనివారం కూలి లెక్క అన్నీ అందులోనే. నాలుగు నెలలు నెలకు 15 వేల చొప్పున బ్యాంకులో వేశారు. కొన్నాళ్ళు ఆఫీసులో కూర్చోబెట్టి బిల్లులు కూడా చూడమన్నారు. 2022 నవంబర్ 14న పూర్తిచేసి అప్పగించాను. 2023 మార్చిలో ఫోన్‌పేలో 30 వేలు పంపారు. మిగతా లక్షన్నర రాలేదు. "సీజన్ అయ్యాక సర్దుతాన్రా" అని 2024 జూన్‌లో వాయిస్ మెసేజ్ పెట్టారు. ఈ ఏడాది తెలిసిందేమిటంటే, నా సాఫ్ట్‌వేర్‌కే పేరు మార్చి మరో రెండు ఫ్యాక్టరీలకు డబ్బు తీసుకుని ఇచ్చారట. అడిగితే గృహప్రవేశంలో బంధువులందరి ముందూ "నెలజీతానికి పనిచేసినోడివి, నీకు హక్కేటి? సగం చాట్‌జీపీటీయే రాసింది, మిగతాది ఇంటర్నెట్‌లో ఊరికే దొరికేదే" అన్నారు. ఆ రోజు నుంచి అమ్మ సరిగా అన్నం తినడం లేదు. కొటేషన్ పంపిన ఫోన్ తమ్ముడికి ఇచ్చేశాను, పాత ల్యాప్‌టాప్ ఇంట్లోనే ఉంది. మూడు ఫ్యాక్టరీలూ నడిచేది మావయ్య పేరు మీదున్న సర్వర్ మీదే, దాని అడ్మిన్ పాస్‌వర్డ్ ఇంకా నా దగ్గరుంది. ఒక్క లైను మారిస్తే మూడు చోట్లా ఆగిపోతుంది. మొన్న మైక్రోసాఫ్ట్ నయారా చమురు కంపెనీకే సేవలు ఆపేసింది కదా, నా కోడ్ నేను ఆపుకుంటే తప్పేంటి?
– శ్రీకాకుళం జిల్లా పాఠకుడు

జవాబు: ముందు ఆ పాస్‌వర్డ్ జోలికి వెళ్ళకండి. మీ ఉత్తరంలోని ఊపు చూస్తే ఈ జవాబు వచ్చేలోపే ఆ లైను మార్చేసేలా ఉన్నారు. కోడ్ మీద హక్కు నూటికి నూరుపాళ్ళూ మీదేనని అనుకుందాం. అయినా సర్వర్ మీది కాదు, అందులో ఉన్న లెక్కలూ మీవి కావు. యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి ప్రవేశించడం, దాని పని ఆపడం, వాడుకునే హక్కున్నవాళ్ళను అడ్డుకోవడం, ఇవన్నీ సమాచార సాంకేతిక చట్టం 2000లోని సెక్షన్ 43లో ఒక్కొక్కటిగా రాసి ఉన్నాయి. అదే పని దురుద్దేశంతో గానీ మోసపూరితంగా గానీ చేస్తే సెక్షన్ 66 కింద నేరం. మూడేళ్ళ దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. పని చేసే రోజుల్లో ఇచ్చిన పాస్‌వర్డ్ ఇప్పటికీ అనుమతి కిందే లెక్క అని వాదించి గెలవలేరు. పైగా శనివారం సాయంత్రం ఆ స్క్రీన్ ఆగిపోతే నష్టపోయేది మీ మావయ్య ఒక్కరే కాదు. ఎవరెన్ని కిలోలు ఒలిచారో తేలక కూలి అందకుండా ఇంటికి వెళ్ళేది మీ చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళే. పోలీస్ స్టేషన్‌లో మీకు వ్యతిరేకంగా మొదటి సాక్షులు వాళ్ళే అవుతారు. డబ్బు రావలసిన మనిషి కాస్తా ఒక్క రాత్రిలో ముద్దాయి అవుతారు. ఆ తర్వాత ఇంజంక్షన్ (అమ్మకం ఆపమనే కోర్టు ఉత్తర్వు) అడిగినా, చేతులు మురికి చేసుకుని వచ్చిన వాదికి కోర్టు ఆ ఉపశమనం ఇవ్వడానికి వెనకాడుతుంది.

ఇక నయారా సంగతి. యూరోపియన్ యూనియన్ ఆంక్షల తర్వాత 2025 జులైలో మైక్రోసాఫ్ట్ తన సేవలను ఆ కంపెనీకి ఆపేసింది. కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది, కొద్ది రోజుల్లోనే సేవలు మళ్ళీ వచ్చాయి. గుజరాత్‌లో అంత పెద్ద రిఫైనరీ నడిపే సంస్థ డబ్బు కట్టి తీసుకున్న సేవను అలా ఆపడం దారుణమనే నా గట్టి అభిప్రాయం. మన దేశంలో వ్యాపారాలు ఎవరి స్విచ్ మీద ఆధారపడి నడుస్తున్నాయో ఆ ఘటన చూపించింది. కానీ అక్కడ కూడా మైక్రోసాఫ్ట్ ఆపింది తన సేవను. ఎదుటివాడి సర్వర్‌లోకి పాత పాస్‌వర్డ్‌తో దూరలేదు. దాన్ని మీరు ఆదర్శంగా తీసుకుంటే మిగిలేది మీ మీద కేసే.

ఇప్పుడు అసలు విషయం. మీ ఉత్తరంలో అసలు బాధ గృహప్రవేశంలో పడ్డ మాట గురించే. ఆ మాటను మీరు అవమానంగా విన్నారు. నాకు మాత్రం అది రేపు కోర్టులో ఆయన వేయబోయే జవాబుదావాలా వినిపించింది. "నెలజీతానికి పనిచేసినోడివి" అన్న ఆ ఒక్క మాట నిలబడితే మీ కాపీరైట్ కేసు అక్కడితో పోయినట్టే. నిలబడకపోతే ఆయన రెండు ఫ్యాక్టరీలకు అమ్మింది మీ సొత్తు. ఈ కేసు మొత్తం దాని మీదే తిరుగుతుంది.

ఎలాగంటే, కాపీరైట్ చట్టం 1957లో కంప్యూటర్ ప్రోగ్రామ్ సాహిత్య రచన కిందికి వస్తుంది. సెక్షన్ 17 ప్రకారం రచయితే మొదటి హక్కుదారు. అయితే ఉద్యోగిగా, ఆ ఉద్యోగంలో భాగంగా రాసిన దానికి, వేరే ఒప్పందం లేకపోతే, యజమానే హక్కుదారు. బయటివాడిగా పని ఒప్పుకుని చేసి ఇస్తే ఆ మినహాయింపు వర్తించదు. ఇక్కడ చాలామంది చదువుకున్నవాళ్ళు కూడా పొరబడతారు. డబ్బిచ్చి చేయించుకున్నాను కాబట్టి నాదే అనుకుంటారు. డబ్బిచ్చి ఫొటో తీయిస్తే, బొమ్మ గీయిస్తే, సినిమా తీయిస్తే చట్టం ఆ మాట ఒప్పుకుంటుంది. ఆ జాబితాలో సాఫ్ట్‌వేర్ లేదు. హక్కు చేతులు మారాలంటే సెక్షన్ 19 ప్రకారం మీరు సంతకం చేసిన రాత ఉండాలి. నోటిమాట చాలదు. అంటే మీరు కాగితం రాసుకోకపోవడం బాకీ విషయంలో మిమ్మల్ని దెబ్బతీస్తుంది కానీ, కాపీరైట్ విషయంలో ఆయన్నే దెబ్బతీస్తుంది. మీరు ఉద్యోగి కాదని తేలితేనే సుమా.

అందుకే నెలకు 15 వేలు, ఆఫీసులో కూర్చుని బిల్లులు చూడడం అన్న రెండు విషయాలు నాకు టెన్షన్ పెడుతున్నాయి. మీరు వాటిని మాటవరసకి రాసి వదిలేశారు. ఆ నాలుగు నెలల్లో ఏ ఓచర్ మీదైనా సంతకం పెట్టారా? దాని మీద "జీతం" అని రాసి ఉందా? హాజరు రిజిస్టర్‌లో మీ పేరుందా? పీఎఫ్, ఈఎస్ఐ ఏమైనా కట్టారా? బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ 15 వేల పక్కన ఏమని పడింది? ఇవి ఈ రోజే చూసుకోండి. మీ వైపు నిలిచేవి ఏమిటంటే: మొత్తం పనికి ఒకే ధర చెప్పిన కొటేషన్, సొంత ల్యాప్‌టాప్‌లో మీకు వీలైన వేళల్లో రాయడం, అదే కాలంలో వేరేవాళ్ళకు కూడా పని చేసి ఉంటే దాని ఆధారం, అప్పగించాక నెలసరి డబ్బు ఆగిపోవడం. ఆ చివరిది చాలా ముఖ్యం. జీతగాడికైతే పని అయ్యాక మళ్ళీ 30 వేలు పంపడం దేనికి? "మిగతాది సర్దుతాను" అనడం దేనికి? క్రాస్ ఎగ్జామినేషన్‌లో మీ మావయ్యను అడగవలసిన మొదటి ప్రశ్న అదే.

చాట్‌జీపీటీ ఆరోపణను తేదీలతోనే పడగొట్టవచ్చు. అది జనంలోకి వచ్చింది 2022 నవంబర్ 30న. మీరు పని అప్పగించింది అంతకు పదహారు రోజుల ముందు. ఆ తర్వాత చేసిన మార్పుల్లో అలాంటివి వాడి ఉంటే మీ లాయర్ దగ్గర దాచకండి. ఇంటర్నెట్‌లో దొరికే ఉచిత లైబ్రరీల (వేరేవాళ్ళు రాసిపెట్టిన కోడ్ ముక్కల) మాటకొస్తే, వాటి హక్కు వాటిని రాసినవాళ్ళది, వాటితో కలిపి మీరు సొంతంగా రాసింది మీది. ఏది ఎక్కడి నుంచి తెచ్చారో, ఏ లైసెన్సు కింద తెచ్చారో ఒక కాగితం మీద రాసుకోండి. అవతలి లాయర్ తవ్వి తీసేకంటే మీరే చెప్పడం నయం.

ఇక గడువు. చేసిన పనికి రావలసిన డబ్బు, చెల్లింపు తేదీ అనుకోనప్పుడు, పని పూర్తయిన రోజు నుంచి మూడేళ్ళలో దావా వేయాలి. లిమిటేషన్ చట్టం 1963లో ఆర్టికల్ 18 అది. మీ లెక్కలో ఈ 2025 నవంబర్ 14. వాయిస్ మెసేజ్ ఉంది కదా, 2027 దాకా సమయం ఉందని మీరు ధీమాగా ఉన్నట్టున్నారు. ఆ ధీమా వదిలేయండి. గడువు కొత్తగా మొదలవ్వాలంటే బాకీ ఒప్పుకోలు రాతలో, సంతకంతో ఉండాలంటుంది అదే చట్టంలోని సెక్షన్ 18. గొంతు రాత కాదు. ఆ మెసేజ్ బాకీ ఉందని చూపడానికి మంచి సాక్ష్యమే కానీ గడువును పొడిగిస్తుందని నమ్ముకుని కూర్చోలేం. 2023 మార్చి 30 వేలకూ ఇదే చిక్కు. కొంత చెల్లించినందుకు గడువు పెరగాలన్నా చెల్లించిన మనిషి చేతిరాతో, సంతకమో ఉండాలని ఆ లిమిటేషన్ చట్టంలోనే సెక్షన్ 19 చెబుతుంది. ఫోన్‌పే ఎంట్రీ సరిపోతుందా అని వాదనలు పెట్టుకునే బదులు నవంబర్ 14నే ఆఖరు తేదీగా పెట్టుకుని పని చేయండి. మూడేళ్ళు ఊరుకుని చివరి వారాల్లో ఉత్తరం రాయడం బాధ్యత లేని పని. చుట్టరికం చెడుతుందని ఆగానంటారు, చూశారుగా, అదీ చెడింది. కాపీలు అమ్మినందుకు నష్టపరిహారానికి కూడా మూడేళ్ళే, కానీ అది ఉల్లంఘన జరిగిన తేదీ నుంచి. ఆ రెండో కేసుకు తొందర అంత లేదు.

సాక్ష్యాల విషయంలో ఇంకా కోపం వచ్చింది. రెండు లక్షల పైచిలుకు ఒప్పందానికి ఉన్న ఒకే ఒక్క రాత ఆ ఫోన్‌లో ఉంటే దాన్ని తమ్ముడి చేతిలో పెడతారా? ఈ రోజే తిరిగి తీసుకోండి. రీసెట్ చేసి ఉంటే మీ ఈమెయిల్, క్లౌడ్ బ్యాకప్‌లు వెతకండి. చాట్ అలాగే ఉంటే ఏదీ తొలగించకండి, మరో ఫోన్‌కు మార్చకండి. స్క్రీన్‌షాట్లు తీసి ప్రింట్ కొట్టి తెస్తే చాలదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు ప్రతితో పాటు ధ్రువపత్రం పెట్టాలి. అందులో ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి. ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే, వేలిముద్ర లాంటి కోడ్) కూడా రాయాలి. వాయిస్ మెసేజ్ ఫైలుకూ ఇదే పద్ధతి. పాత ల్యాప్‌టాప్‌ను ఇక వాడకండి. గిట్‌హబ్ లాంటి చోట కోడ్ దాచి ఉంటే ఆ ఖాతా మీ పేరు మీదే ఉందని చూపే ఈమెయిళ్ళు తీసి పెట్టండి. ల్యాప్‌టాప్‌లోని తేదీలు మార్చవచ్చని అవతలివాళ్ళు అంటారు, బయటి సర్వర్‌కు చేరిన తేదీల మీద అలా అనడం కష్టం.

రెండు ఫ్యాక్టరీల్లో ఉన్నది మీ కోడే అని చూపడానికి కూడా లాగిన్ అయి ఫొటోలు తీయకండి, అదీ పైన చెప్పిన అనుమతి లేని ప్రవేశమే. దావాతో పాటు అడ్వకేట్ కమిషనర్‌ను వేయమని కోర్టును అడగవచ్చు. కమిషనర్ నిపుణుడితో వెళ్ళి ఆ కంప్యూటర్లలో ఉన్నది నమోదు చేస్తారు. అప్పుడు మీ పొరపాట్లే మీకు సాయం. కోడ్‌లో మీరు తప్పుగా రాసిన స్పెల్లింగులు, తీసేయడం మరిచిపోయిన పాత వరుసలు, మీ అలవాటు ప్రకారం పెట్టిన పేర్లు అవే తప్పులతో అక్కడ కనిపిస్తే, సొంతంగా తయారు చేశామని వాళ్ళు చెప్పలేరు.

చేయవలసిన పని ఇది. మొదట మావయ్యకు ఈమెయిల్ రాయండి: సర్వర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చుకోండి, ఇక నేను వాడను అని. రేపు అక్కడ ఏం చెడినా మీ మీదికి రాకుండా కాపాడేది ఆ ఉత్తరమే. తర్వాత లక్షన్నర బాకీకి లాయర్ ద్వారా నోటీసు పంపి, అక్టోబర్ ఆఖరులోపు మీ ప్రాంతపు సివిల్ కోర్టులో దావా వేయండి. శ్రీకాకుళంలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, లోక్ అదాలత్‌లో కేసుకు ముందే రాజీకి అక్కడ అర్జీ పెట్టవచ్చు. అక్కడ కుదిరిన అవార్డు (రాజీ తీర్పు) కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. కానీ ఆ అర్జీతో గడువు ఆగుతుందనుకుని దావా వాయిదా వేయకండి.

కాపీరైట్ కేసు వేరుగా నడపాలి, అది జిల్లా కోర్టు స్థాయిలో. కాపీరైట్ చట్టం సెక్షన్ 62 ప్రకారం మీరు నివసించే చోటే వేసుకోవచ్చు. విలువ 3 లక్షలు, ఆపైన ఉంటే కమర్షియల్ కోర్టుల చట్టం వర్తిస్తుంది. అత్యవసర ఉత్తర్వు కోరకపోతే ముందు మధ్యవర్తిత్వానికి వెళ్ళడం తప్పనిసరని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. ఆ మధ్యవర్తిత్వంలో గడిచిన కాలాన్ని గడువులోంచి మినహాయిస్తారు. కాపీరైట్ రిజిస్ట్రేషన్ లేకపోయినా హక్కు ఉంటుంది, అయినా చేయించండి. రుసుము 500 రూపాయలే. సోర్స్ కోడ్ మొదటి 10 పేజీలు, చివరి 10 పేజీలు ఏమీ చెరపకుండా ఇవ్వాలి. ఈలోగా ఆ రెండు ఫ్యాక్టరీలకు మీరే ఫోన్ చేసి జైలుకు పంపిస్తానని బెదిరించకండి. ఆధారం లేని బెదిరింపుకు వాళ్ళే మీ మీద దావా వేసే వీలు కాపీరైట్ చట్టం సెక్షన్ 60లో ఉంది. నోటీసు లాయర్ రాయాలి, ఓచర్ల సంగతి తేలాకే రాయాలి. ఇంకొకటి, మావయ్య తన ఫ్యాక్టరీలో ఆ సాఫ్ట్‌వేర్ వాడుకోవడాన్ని మీరు ఆపలేరు. మీరే అప్పగించారు, డబ్బులో భాగం తీసుకున్నారు. ఆపగలిగేది అమ్మకాన్ని.

నోటీసు అందగానే బంధువులు మధ్యలోకి వచ్చి రాజీ అంటారు. మంచిదే, కూర్చోండి. కానీ "పూర్తి మొత్తం ముట్టింది, ఇక ఏ హక్కూ లేదు" అని టైపు చేసిన కాగితం ముందు పెట్టి, లక్షన్నర చేతిలో పెట్టి సంతకం చేయమంటే చేయకండి. ఆ సంతకంతో ఈ రోజు ఆయన దగ్గర లేని రాతను మీరే ఆయనకు ఇచ్చినట్టవుతుంది. రాజీ కాగితంలో బాకీ వేరుగా, ఇప్పటికే అమ్మిన రెండు కాపీల సొమ్ములో మీ వాటా వేరుగా రాయించండి. వాడుకునే అనుమతి ఎన్ని ఫ్యాక్టరీలకో, ఎన్నేళ్ళకో అంకెల్లో ఉండాలి. హక్కు బదిలీ చేసి కాలం రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్ళుగా లెక్కిస్తుంది, ప్రాంతం రాయకపోతే దేశమంతటికీ అనుకుంటుంది. ముసాయిదా మీ లాయర్‌కు చూపించి, డబ్బు బ్యాంకు ఖాతాలో పడ్డాక సంతకం పెట్టండి.