పక్క రన్‌వేకి దిగే విమానం అంత దగ్గరగా కనిపిస్తే, ప్రమాదం తప్పినట్టేనా?

మద్దిలపాలెం నుంచి అడిగినవారికి,

మీ అమ్మగారు శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగేముందు కిటికీలోంచి ఇంకో విమానం రెక్కకు రెక్క ఆనించినట్టు కనిపించిందనీ, కాసేపటికి తమ విమానం నేల తాకకుండానే మళ్ళీ పైకి లేచిపోయిందనీ, రెండూ గుద్దుకోబోయి తప్పాయా అనీ అడిగారు. ఇక ఆ ఊరు వెళ్ళనంటున్నారనీ రాశారు.

నేను నేవీలో ఏటీసీ (విమానాలకి నేల నుంచి దారి చెప్పే విభాగం) రాడార్ ముందు కూర్చుని ఉద్యోగం చేసినవాణ్ణి. రిటైరయ్యాక గోపాలపట్నంలో ఉంటున్నాను. మా అమ్మాయిది శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరున్న ఫ్రీమాంట్ కాబట్టి నేనూ అక్కడ దిగాను, మీ అమ్మగారు చూసిందే చూశాను. ఎంతో కాలం రాడార్ చూసిన నాకే గుండె ఒక్కసారి జారింది. స్క్రీన్ మీద రెండు చుక్కలు అంత దగ్గరికొస్తే మా గదిలో ఎవరూ కుర్చీలో కూర్చోలేరు. కాబట్టి ఆవిడ భయాన్ని తేలిగ్గా తీసుకోకండి.

మన విశాఖ వాళ్ళకి ఇది అలవాటు లేని దృశ్యం. ఇక్కడ ఒక పక్క సింహాచలం కొండ, ఇంకో పక్క యారాడ కొండ. సముద్రం వైపు నుంచి వచ్చే విమానాలు హార్బరు మీదుగా ఒకదాని వెనక ఒకటి దిగాల్సిందే. పక్కపక్కన దిగే ఏర్పాటే లేదు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో 28 ఎడమ, 28 కుడి అని రెండు రన్‌వేలు సమాంతరంగా ఉన్నాయి. వాటి మధ్యగీతల దూరం 750 అడుగులు, అంటే 229 మీటర్లు. పెద్ద బోయింగ్ 777 రెక్కల వెడల్పే 65 మీటర్లుంటుంది. అంటే ఒక గీత నుంచి ఇంకో గీతకి మూడున్నర రెక్కల వెడల్పులు. పైగా రెండూ ఇంచుమించు ఒకే వేగంతో వస్తాయి కాబట్టి పక్కది కదలకుండా వేలాడుతున్నట్టు అనిపిస్తుంది. నేను వెళ్ళినప్పుడు ఆకాశం తేటగా ఉంది. అప్పట్లో అలాంటప్పుడు ఒక పైలట్ పక్క విమానాన్ని కంటితో చూసి ‘ట్రాఫిక్ ఇన్ సైట్’ అని చెప్పేవాడు. దాన్ని చూస్తూ ఎడం పాటించే బాధ్యత ఆ మాటతో అతని మీదికి వచ్చేది. మబ్బు కిందికి దిగితే ఈ పద్ధతి నడిచేది కాదు, దిగే విమానాల సంఖ్య తగ్గిపోయేది. ఆ ఊళ్ళో పొగమంచు పడితే ఫ్లైట్లు గంటల తరబడి ఆలస్యమయ్యేది ఇందుకే.

రన్‌వేలు బాగా ఎడంగా ఉంటే కథ వేరు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం రెండింటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా విమానాలు దించాలంటే మధ్య దూరం కనీసం 1,035 మీటర్లు ఉండాలి. రెండు దారుల మధ్య ఎవరూ అడుగు పెట్టకూడని 610 మీటర్ల పట్టీ ఉంటుంది. దాన్నే చూస్తూ కూర్చునే కంట్రోలర్లు ఉంటారు. రెండు విమానాలూ తమ తమ దారిలో కుదురుకునేదాకా వాటి మధ్య 1,000 అడుగుల ఎత్తు తేడాగానీ 3 నాటికల్ మైళ్ళ (సుమారు ఐదున్నర కిలోమీటర్ల) దూరంగానీ ఉండాలి.

ఆ ‘కుదురుకునేదాకా’ అన్నచోటే అసలు భయం ఉంది. రెండూ తిన్నగా వచ్చేస్తే పక్కపక్కన ఉన్నా ఇబ్బంది లేదు. పక్క నుంచి వచ్చి రన్‌వే గీత మీదికి తిరిగే ఆ మలుపులోనే కొంప మునిగేది. గాజువాక జంక్షన్‌లో బస్సు మలుపు వెడల్పుగా తీసుకుని పక్క వరుసలోకి దూరినట్టు, వెనక గాలి తోసినా, పైలట్ తిప్పడం ఆలస్యం చేసినా విమానం తన గీత దాటి పక్క గీత వైపు పోతుంది. లెక్క కట్టి చూడండి. 180 నాట్ల వేగం (గంటకి 180 నాటికల్ మైళ్ళు) అంటే సెకనుకి సుమారు 93 మీటర్లు. 30 డిగ్రీల కోణంలో వస్తున్న విమానం తిరగకపోతే పక్కకి సెకనుకి 46 మీటర్లు జరుగుతుంది. 229 మీటర్లు దాటడానికి 5 సెకన్లు చాలు. కంట్రోలర్ చూసి, నోరు తెరిచి, పైలట్ విని, విమానం ఒరిగేసరికి ఆ 5 సెకన్లు అయిపోతాయి.

ఇది కాగితం మీద లెక్క మాత్రమే అనుకోకండి. 2021 మే 12న అమెరికాలో డెన్వర్ దగ్గర సెంటెనియల్ విమానాశ్రయంలో సమాంతర రన్‌వేలకి వస్తున్న ఒక చిన్న సిర్రస్ విమానం మలుపులో గీత దాటిపోయి, పక్క దారిలో వస్తున్న మెట్రోలైనర్ అనే ఇంకో విమానాన్ని గుద్దింది. సిర్రస్ దాని సొంత పారాచూట్‌తో దిగింది, మెట్రోలైనర్ పైకప్పు చీలిపోయి కూడా రన్‌వే చేరింది. ఎవరూ చనిపోలేదు. అదృష్టమే అనాలి.

విమానాలు గుద్దుకోకుండా పైలట్లని హెచ్చరించే టీకాస్ యంత్రం కాపాడదా అని అడుగుతారు. మన దేశంలో అది తప్పనిసరి అయింది 1996 నవంబర్ 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ దగ్గర రెండు విమానాలు ఆకాశంలో గుద్దుకుని 349 మంది పోయాకే. చాలా గొప్ప సాధనం. కానీ నేలకి సుమారు 1,000 అడుగుల లోపు అది ‘ఎక్కు’, ‘దిగు’ అనే ఆదేశాలు ఇవ్వదు. ఆఖరి ఐదారు కిలోమీటర్లలో పైలట్ల కళ్ళూ, కంట్రోలర్ గొంతే దిక్కు.

ఇక విమానం మళ్ళీ పైకి లేవడం. దాన్ని గో-అరౌండ్ అంటారు. ముందు దిగినది రన్‌వే ఖాళీ చెయ్యకపోయినా, వేగం సరిగ్గా కుదరకపోయినా, పక్కది కంటికి ఆనకపోయినా చేస్తారు. లేపిన పైలట్‌కి దండం పెట్టాలి. 2017 జులై 7 రాత్రి అదే శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎడమ రన్‌వే మూసేసి దీపాలు ఆర్పేస్తే, ఎయిర్ కెనడా 759 విమానం కుడి రన్‌వే అనుకుని పక్కనున్న టాక్సీవే (విమానాలు రన్‌వేకి నెమ్మదిగా వెళ్ళే దారి) మీదికి దిగబోయింది. దాని మీద నాలుగు విమానాలు జనంతో నిండి ఆగి ఉన్నాయి. సుమారు 60 అడుగుల ఎత్తుదాకా వచ్చి గో-అరౌండ్‌తో బయటపడింది. ప్రమాదం తప్పడమంటే అది.

లేచాక కూడా దారులు విడిపోవాలి. 2022 జనవరి 7న బెంగళూరులో రెండు సమాంతర రన్‌వేల నుంచి ఒకేసారి లేచిన రెండు విమానాలు ఒకదానివైపు ఒకటి వెళ్తుంటే, రాడార్ కంట్రోలర్ చూసి పక్కకి తిప్పాడు. ఒక రన్‌వే ఆపేద్దామన్న నిర్ణయం రెండో టవర్ కంట్రోలర్‌కి చేరకపోవడం దానికి కారణం.

నా అభిప్రాయం అడిగితే, పగలు తేట ఆకాశంలో ఈ పద్ధతి నాకు ఒప్పే. రాత్రి మాత్రం ఒప్పుకోలేను. ఊరి దీపాల మధ్య పక్క విమానం దీపాలు వెతుక్కుంటూ దూరం అంచనా వెయ్యడం కష్టం. 2023 అక్టోబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో వచ్చిన జర్మనీ కంపెనీ లుఫ్తాన్సా పైలట్లు, రాత్రిపూట కంటిచూపు మీద దిగడానికి మా కంపెనీ ఒప్పుకోదని చెప్పి, చివరికి పక్కనున్న ఓక్లాండ్ వెళ్ళి దిగారు. వాళ్ళు చేసింది సరైన పనేనని నేననుకుంటాను.

మీ అమ్మగారితో చెప్పండి, ఆవిడ చూసింది రెండూ కుదురుకున్నాక కనిపించిన దృశ్యం. ఇంకో ఊళ్ళో దిగి విమానం మారడం ఆ వయసులో ఎక్కువ కష్టం. ఈసారి పగటిపూట చేరే ఫ్లైట్ చూసి, రెక్కలకి ముందు వరసలో నడవ పక్క సీటు తీసుకోండి.