సిరొంచలో రికార్డుల పని మొదలుపెడుతున్న అల్లుడికి

అల్లుడూ,

మహారాష్ట్ర అంచునున్న మన సిరొంచలో రోగుల రికార్డులు చంద్రపూర్‌కీ మంచిర్యాలకీ వరంగల్‌కీ చేరేలా సిస్టమ్ కడుతున్నానని నువ్వు ఫోన్‌లో చెప్పిన దగ్గర్నుంచి అదే ఆలోచన. మన ఊళ్ల నుంచి నది దాటి పెద్దాసుపత్రికి వెళ్లే మనిషి చంకలో ఓ ప్లాస్టిక్ కవరు ఉంటుంది చూశావా, అందులో మరాఠీ చీటీలు, తెలుగు డాక్టరు రాసిన మందులు, మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయిన ల్యాబ్ రిపోర్టులు. ఆ కవరు అవసరం లేకుండా చేస్తే చాలు, ఎంతోమందికి మేలు చేసినవాడివి అవుతావు.

సర్వర్ సంగతి తర్వాత చూడు. ముందు ఓ వారం ల్యాబ్‌లో కూర్చో. గడ్చిరోలి వైపు సికిల్ సెల్ అనే, పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు ఎక్కువ కదా, దాన్నే తీసుకో. దానికి ముందుగా చేసే సాల్యుబిలిటీ టెస్ట్ పాజిటివ్ వచ్చిందంటే జబ్బు ఉన్నట్టు కాదు. ఏఎస్ అనే క్యారియర్‌కీ, అంటే ఒక్క సికిల్ జన్యువే ఉండి జబ్బు లేని మనిషికీ, పాజిటివే వస్తుంది, ఎస్‌ఎస్ అనే జబ్బు మనిషికీ పాజిటివే, ఏదో తేలాలంటే హిమోగ్లోబిన్ రకాల్ని విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ లాంటి పరీక్ష చేయాలి. నువ్వు స్క్రీన్ మీద 'సికిల్ పాజిటివ్' అని ఒక్క టిక్కు పెట్టి దానికి స్నోమెడ్ అనే వైద్య పదాల కోడ్ల జాబితాలోంచి జబ్బు కోడ్ తగిలించావనుకో, నిక్షేపంలా ఉన్న పిల్ల నది దాటేసరికి రోగి అయిపోతుంది, ఆ మాట పెళ్లి సంబంధాల దాకా పోతుంది. అందుకని ఫైర్‌లో (FHIR, ఆసుపత్రులు రికార్డులు ఇచ్చిపుచ్చుకునే పద్ధతి) టెస్ట్ ఫలితాన్ని అబ్జర్వేషన్‌గానే, అంటే వచ్చిన ఫలితంగానే ఉంచు. డాక్టరు చెప్పాకే కండిషన్, అంటే జబ్బు అని రాయి, ఆయనకీ ఇంకా పూర్తిగా తేలకపోతే ప్రొవిజనల్, అంటే తాత్కాలికం అని పెట్టడానికి అందులోనే చోటుంది. డాక్టరు రాసిన మాటలు కూడా కోడ్ పక్కనే ఉంచు, కోడ్ దొరకలేదని దగ్గర్లో ఉన్నదేదో అంటించకు.

పాత రిపోర్టులు తేదీలతో సహా వెళ్లాలి. ఎస్‌ఎస్ మనిషికి హిమోగ్లోబిన్ మామూలు రోజుల్లోనే 7, 8 దగ్గర ఉండొచ్చు, వరంగల్‌లో కొత్త డాక్టరు 7.8 ఒక్కటే చూస్తే రక్తం ఎక్కించాలా అని కంగారు పడతాడు, వెనకటివి కనిపిస్తే ఈ మనిషికి ఎప్పుడూ ఇంతేనని తెలుస్తుంది. హిమోగ్లోబిన్‌కి లోయింక్ (ల్యాబ్ పరీక్షల కోడ్ల జాబితా) కోడ్ 718-7. యూనిట్ లేకుండా ఏ అంకె బయటికి పోనివ్వకు, ఒక మెషిన్‌లో 7.8 అని వచ్చేది ఇంకో మెషిన్‌లో 78 అని వస్తుంది.

పేర్ల దగ్గర చాలా జాగ్రత్త. మనకి ఇంటిపేరు ముందు, మరాఠీ పద్ధతిలో ఆఖర్న, మధ్యలో తండ్రి పేరో భర్త పేరో. పేషెంట్ రికార్డులో ఒకటి కంటే ఎక్కువ పేర్లు పెట్టుకోవచ్చు, రెండూ ఉంచు. పుట్టిన సంవత్సరం ఒక్కటే చెబితే 1961 అని అంతే రాయి, ఫైర్ ఒప్పుకుంటుంది, జనవరి 1 అని నువ్వు కల్పించకు. ఫోన్ నంబరు చూసి ఇద్దర్నీ ఒకటి చేయడం మాత్రం వద్దే వద్దు. పేరు చెప్పను గానీ, ఒకచోట నేను అదే చేశాను, ఇంట్లో ఒకటే ఫోన్, ఇంటిపేరూ ఒకటే, అత్తగారి సుగర్ మాత్రలు కోడలి రికార్డులోకి ఎక్కాయి. మందులిచ్చే అబ్బాయి కోడలి వయసు చూసి అనుమానపడి ఆపాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఇప్పటికీ గుర్తొస్తే గుండె దడదడలాడుతుంది.

14 అంకెల ఆభా నంబరు (ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఖాతా నంబరు) ఉంటే మంచిదే, లేదన్నవాళ్లని మాత్రం తిప్పి పంపకు. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ పద్ధతిలో రికార్డు పుట్టిన ఆసుపత్రిలోనే ఉంటుంది, పేషెంట్ సరేనంటేనే కదులుతుంది, కావాలంటే ఆ అనుమతి వెనక్కి తీసుకోవచ్చు కూడా. ఆ సరే అనే మాట తెలిసి చెప్పాలి కదా, స్క్రీన్ తెలుగులో, మరాఠీలో ఉండాలి, చదువురాని వాళ్లకి గోండిలో చదివి చెప్పే మనిషి పక్కన ఉండాలి. దీనికి డబ్బు లేదని ఎవరన్నా అంటే నువ్వు గట్టిగా నిలబడు.

నెట్ పోయినప్పుడు రిపోర్టు ఇక్కడే ఆగి, వచ్చాక వెళ్లాలి, రెండుసార్లు వెళ్లినా అటువైపు ఒకటిగానే పడాలి.

ముందు ఒక్క సికిల్ రిపోర్టు పంపి, అటువైపు డాక్టరు చేత ఫోన్‌లో పైకి చదివించు. నువ్వు అనుకున్నదీ ఆయన చదివిందీ ఒకటేనో కాదో రాసి నాకు పంపు, ఆదివారం కూర్చుని చూద్దాం.

మీ మావయ్య