గుర్రపుడెక్క తీసినా మళ్లీ ఎందుకు వస్తోంది?

ప్రశ్న: మా ఊరి మురుగు కాలువ యనమదుర్రు డ్రెయిన్‌లో కలుస్తుంది. ఏటా వేసవిలో పొక్లెయిన్‌తో గుర్రపుడెక్క తీయిస్తున్నా, సార్వా (వానాకాలపు వరి) నాట్లు పూర్తయ్యేసరికి కాలువ మళ్లీ మూసుకుపోతోంది. దీనిని తగ్గించే మార్గం చెప్పగలరు.
– ఒక రైతు, భీమవరం పరిసరాలు

జవాబు: మీరు తీయిస్తున్నది మొక్కను మాత్రమే. దానిని పోషించే నత్రజని, భాస్వరం కాలువలోకి చేరుతున్నంత కాలం అది పెరుగుతూనే ఉంటుంది. పైగా చాలా ఊళ్లలో తీసిన డెక్కను గట్టుమీదనే గుట్టలుగా పోస్తారు. అది అక్కడే కుళ్లి, వానలకు దానిలోని పోషకాలు తిరిగి కాలువలోకే దిగుతాయి. దానిని దూరంగా తరలించి, పేడతో కలిపి కంపోస్టు చేయండి.

45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం, అంటే సుమారు 20.7 కిలోల నత్రజని ఉంటుంది. నిండా నీరున్న చేలో యూరియా చల్లిన రాత్రే గట్టి వాన కురిసి గట్లు పొర్లితే, కరిగిన ఎరువు బోదె వెంట నేరుగా మురుగులోకి పోతుంది. అందుకే ముందుగా నీరు తీసి, బురద పదునులో యూరియా చల్లి, 36 నుండి 48 గంటల తరువాత పలుచగా నీరు పెట్టాలి. ఆపైన కొన్నాళ్లు చేలోని నీటిని బయటికి వదలకూడదు. భాస్వరం మొత్తం నాట్లకు ముందు చేసే ఆఖరి దమ్ములోనే వేయాలి. భాస్వరం కూడా కలిసి ఉండే కాంప్లెక్స్ ఎరువులను పైపాటుగా చల్లితే ఆ భాస్వరం పైరుకు అందేది తక్కువ, పైమట్టితో పాటు కొట్టుకుపోయేది ఎక్కువ.

మీ ప్రాంతంలో చేపల చెరువుల సంగతి ఇంతకన్నా పెద్దది. పట్టుబడి తరువాత చెరువు ఎండగట్టేటప్పుడు చివరన వచ్చే అడుగు నీరు, మిగిలిన మేతతోనూ చేపల విసర్జనతోనూ నల్లగా, చిక్కగా ఉంటుంది. దానిని ఒక గుంటలోకి మళ్లించి, తేరిన తరువాతనే వదిలితే భాస్వరంలో చాలా భాగం బురదతో అడుగున నిలిచిపోతుంది. ఈ ఒక్క విషయంలో చెరువుల యజమానులను పంచాయతీ ఒప్పించగలగడమే అన్నిటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం. గట్టుమీది పేడ దిబ్బలను, కాలువలోకి పెట్టిన మరుగుదొడ్ల గొట్టాలను తొలగించడం ఎలాగూ తప్పదు.

ఇవన్నీ చేసినా తొలి ఏడాదే ఫలితం కనిపించకపోవచ్చు, ఎందుకంటే అడుగున పేరుకున్న పూడిక తనలోని భాస్వరాన్ని ఏళ్ల తరబడి నీటిలోకి వదులుతూ ఉంటుంది. కనుక వచ్చే వేసవిలో డెక్కతో పాటు పూడికనూ తీయించండి. అయితే పట్టణపు మురుగు కలిసే చోట తీసిన మట్టిని మాత్రం చేలకు తోలవద్దు.