పాడిపశువుల మీద తెలుగు కవిత్వం చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

గొడ్లు, పాడి మీద తెలుగులో మంచి కవిత్వం ఏముంది, సిటీలో పెరిగినవాళ్లకు అది పట్టుబడుతుందా అని అడిగారు. మాది హైదరాబాద్‌లోనే, అంబర్‌పేట వైపు, బర్రెల కొట్టం ఉన్న ఇల్లు. నేనైతే రెండే చెప్తాను: పోతన భాగవతంలో దశమ స్కంధం, కాటమరాజు కథ. ఒకదానిలో దూడ, ఇంకోదానిలో గడ్డి. పాడి చేసేవాడి బతుకంతా ఈ రెంటి చుట్టే తిరుగుతుంది.

దశమ స్కంధంలో బ్రహ్మ లేగల్నీ గోపబాలుర్నీ దాచేస్తే, కృష్ణుడే అన్ని లేగలుగా, అందరు పిల్లలుగా మారి ఏడాది గడుపుతాడు. ఒకరోజు గోవర్ధనం మీద మేస్తున్న ఆవులు కింద దూడల్ని చూసి ఆగలేక పరుగున దిగొచ్చి పాలిస్తాయి. అవి మళ్లీ ఈనిన ఆవులు, ఆ దూడలు పాలు మరిచినవి. బలరాముడికి అనుమానం వచ్చేది ఇక్కడే. మామూలుగా చదివితే భక్తి ఘట్టమే అనిపిస్తుంది కానీ, కొట్టంలో పెరిగినవాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది. మళ్లీ ఈనిన బర్రె పాత దూడను దగ్గరికే రానీయదు, కొమ్ముతో నెట్టేస్తుంది.

మా నాన్న పాలు పిండేముందు దూడను వదిలేవాడు. అది ముట్టెతో పొదుగును పొడిచి పొడిచి కుడిస్తేనే బర్రె చేపేది, అంటే పాలు దించేది, రొమ్ములు నిండి బిగిసేవి. అప్పుడు పలుపు పట్టి దూడను లాగి తల్లి ముందే కట్టేవాడు. తల్లి దాన్ని నాకుతూ నిలబడితే, ఈయన మోకాళ్ల మధ్య గిన్నె బిగించుకొని కూర్చునేవాడు. దూడ చచ్చిపోతే దాని తోలులో గడ్డి కూరి ఎదురుగా నిలబెట్టేవాళ్లూ ఉండేవారు. అది చూడటం నావల్ల అయ్యేది కాదు. ఇదంతా తెలిసినవాళ్ల పక్కన కూర్చుని ఆ ఘట్టం చదవండి, పోతన ఎంత దగ్గరగా చూశాడో తెలుస్తుంది.

ఇక గడ్డి. కాటమరాజు కథ 13వ శతాబ్దపు సంఘటనల మీద అల్లుకున్న గొల్లల వీరగాథ, కొమ్మువాళ్లు కొమ్ము ఊదుతూ పాడేది. కరువొస్తే కాటమరాజు మందను నెల్లూరు సీమకు తోలుకుపోతాడు. మేపుకున్నందుకు పుల్లరిగా కోడెదూడలు ఇస్తానని నల్లసిద్ధి రాజుతో ఒప్పందం. ఆ పుల్లరి దగ్గరే తగాదా ముదిరి, పాలేరు ఏటి ఒడ్డున యుద్ధం దాకా పోతుంది. రాజు సేనాని ఖడ్గతిక్కన ఓడి ఇంటికొస్తే తల్లి విరిగిన పాలు పోసి, మేతకు పోయిన పసులూ విరిగాయి, పాలూ విరిగాయి అని ఎత్తిపొడిచిందని ఒక చాటుపద్యం ఉంది. విరగడమంటే వెనుదిరిగి రావడం కూడా, ఎత్తిపొడుపు అక్కడే ఉంది. నాకు ప్రాణంతో సమానం ఆ పద్యం.

గడ్డి కోసం యుద్ధమేంటి అనుకోవద్దు. మా ఇంట్లో పెద్ద టెన్షన్ ఎప్పుడూ మేతదే. మూసీ వెంట, పీర్జాదిగూడ వైపు, మురుగునీటితో పెరిగే పారాగడ్డి మోపులుగా నగరంలోని కొట్టాలకు వచ్చేది. చెరువులు ఎండినా ఆ గడ్డి ఎండదు. ఆ నీళ్లు ఎట్లాంటివో తెలిసీ కొనేవాళ్లం, బర్రెను పస్తు ఉంచలేం కదా. నగరం నడుమ ఇన్నేళ్లు పాడి నిలిచిందంటే ఆ గడ్డి పుణ్యం చాలా ఉంది.

చదవడంతో ఆపకండి. సంక్రాంతి తర్వాత మొదటి ఆదివారం కొమురవెల్లి మల్లన్న జాతరలో పట్నం వారం, మన హైదరాబాద్ జనం పెద్ద ఎత్తున పోయే రోజు. అక్కడ మల్లన్న కథ పాడే ఒగ్గుకథ వినండి. అందులో గొర్రెల మందలే ఎక్కువ, అయినా కాపరి మనసు తెలుస్తుంది. ఈలోపు ఆ చాటుపద్యంతో మొదలుపెట్టండి, ఒక్క కందమే. తర్వాత దశమ స్కంధం, తాత్పర్యం పక్కన పెట్టుకొని, నిదానంగా.